సోలో ల్యాండింగ్‌లో నోస్‌వీల్ విరిగింది: తప్పు గాలిదా, పంపినవాళ్ళదా?

గాలిపటం (ట్రైనీ)

నమస్కారం అందరికీ. నేను దక్కన్ పీఠభూమి మీద ఒక ఫ్లయింగ్ స్కూల్‌లో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ట్రైనింగ్‌లో ఉన్నాను. స్కూల్ పేరు, ఊరి పేరు చెప్పను. ఎవరైనా కనిపెట్టినా ఇక్కడ రాయొద్దని మనవి.

ఈ వారం సాయంత్రం స్లాట్‌లో మా సీనియర్ బ్యాచ్ అబ్బాయి సెస్నా 172 అనే చిన్న విమానం మీద సోలో సర్క్యూట్స్‌కి, అంటే ఒంటరిగా రన్‌వే చుట్టూ తిరిగి దిగే ప్రాక్టీస్‌కి వెళ్ళాడు. మనిషికి చిన్న గీత కూడా పడలేదు, ముందు అది చెప్పేస్తున్నాను. విమానానికి మాత్రం నోస్‌వీల్ (ముందు చక్రం) విరిగింది, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకుంది.

రన్‌వే 27. బయల్దేరే ముందు చూసిన మెటార్‌లో (ఎయిర్‌పోర్ట్ వాతావరణ రిపోర్ట్) గాలి 240 డిగ్రీల దిక్కు నుంచి 8 నాట్స్, గస్ట్ (ఉండుండి కొట్టే గాలి విసురు) ఊసే లేదు. నైరుతిలో మబ్బు లేస్తోంది కానీ దూరంగానే ఉంది. మొదటి ల్యాండింగ్ చక్కగా చేశాడు. రెండోసారి ఫైనల్‌కి (రన్‌వేకి నేరుగా దిగివచ్చే చివరి దారి) వచ్చేసరికి ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) మీదున్న మాకు ఒక్కసారిగా చల్లగాలి తగిలింది. పొద్దుటి నుంచి మే ఎండకు మాడిపోయి ఉన్నాం కదా, అందరికీ ప్రాణం లేచొచ్చింది. ఇంతలో ఫ్యూయల్ బౌజర్ డ్రైవర్ టోపీ ఎగిరిపోయి టాక్సీవే దాకా దొర్లింది. విండ్‌సాక్ (గాలి దిశ చూపే గుడ్డ గొట్టం) వైపు చూస్తే దక్షిణం గాలికి బిగదీసుకుని ఉంది, పైగా ఒక్క చోట నిలవడం లేదు.

విమానం ఫ్లేర్ చేస్తూనే, అంటే తాకే ముందు ముక్కు కాస్త లేపుతూనే, పైకి తేలింది. ఒక్క క్షణం అలాగే ఉండి, ఒక రెక్క వాల్చి, ధబ్బున దిగి ఎగిరింది. ఈసారి ముక్కు కిందికి దించుకుని వచ్చి నోస్‌వీల్ మీదే పడింది. మళ్ళీ ఎగిరింది, మొదటిసారి కంటే ఎత్తుకి. మూడోసారి పడినప్పుడు ముందు కాలు మడత పడిపోయి, రన్‌వే గీరుకుంటూ ఎడమవైపు గడ్డిలోకి పోయి ఆగింది. తను స్విచ్‌లన్నీ ఆపేసి నడుచుకుంటూ బయటికొచ్చాడు.

ఇప్పుడు మా హాస్టల్‌లో రెండు వర్గాలు. గాలి అలా తిరిగితే ఎవరు మాత్రం ఏం చేస్తారని కొందరు. మబ్బు కనబడుతుంటే సోలోకి పంపడమే తప్పని కొందరు. మీరేమంటారు?

ప్లేన్_పిచ్చోడు

మూడు బౌన్సులా? సిమ్యులేటర్‌లో 25 నాట్స్ క్రాస్‌విండ్ (పక్కగాలి) పెట్టుకుని నేను రోజూ దింపుతా బ్రో. రడ్డర్ (ముక్కుని పక్కకి తిప్పే తోక పలక) వాడటం రాక వచ్చిన తిప్పలివి.

ఏఎంఈ_సికింద్రాబాద్

ఓ పిచ్చోడా, నీ సిమ్యులేటర్‌ల కుర్చీ ఊగుతదా? పొట్టలో తిప్పుతదా? ఎస్కేప్ కొడితే మళ్ళా మొదటికొస్తది కదా. జర ఊకో.

రిటైర్డ్_ఏటీసీ

గాలిపటం గారూ, ముందుగా ఆ అబ్బాయి క్షేమంగా ఉన్నందుకు సంతోషం. టవర్‌లో విమానాలకు దారి చెప్పే కంట్రోలర్‌గా చాలా కాలం కూర్చున్నవాడిగా మెటార్ గురించి చెబుతాను. ట్రైనీలు దాన్ని చదివే పద్ధతిలో ఒక లొసుగు ఉంది.

మెటార్‌లో గాలి అంటే 10 నిమిషాల సగటు. ఆ సగటు కంటే కనీసం 10 నాట్స్ ఎక్కువగా గాలి కొడితేనే అందులో గస్ట్ అని రాస్తారు. అంటే సగటు 8 ఉండి, మధ్యమధ్యలో 17 దాకా కొట్టినా మీకు కనబడేది వట్టి 8 మాత్రమే. గస్ట్ రాయలేదంటే గస్ట్ లేదని కాదు. ల్యాండింగ్ క్లియరెన్స్‌తో టవర్ చెప్పేది 2 నిమిషాల సగటు, అది కొంత నయం. అయినా అదీ సగటే. ఈ క్షణంలో గాలి ఎలా ఉందో చెప్పేది విండ్‌సాక్ ఒక్కటే.

ఇంకొకటి. 'క్లియర్డ్ టు ల్యాండ్' అంటే రన్‌వే మీకోసం ఖాళీగా ఉందని మాత్రమే అర్థం. గాలి మీకు అనుకూలంగా ఉందని మేము హామీ ఇస్తున్నట్టు కాదు. చాలామంది పిల్లలు ఆ మాట వినగానే ఇక దిగితీరాలని అనుకుంటారు. దిగాలా వద్దా అన్నది ఎప్పుడూ పైలట్ నిర్ణయమే.

గాలిపటం (ట్రైనీ)

సార్, ఆ 10 నాట్స్ సంగతి మెటియరాలజీ పేపర్‌కి చదివాం. పరీక్షలో రాశాం కూడా. కానీ అంతదాకా ఎప్పుడూ ఆలోచించలేదు.

కెప్టెన్_గోదావరి

రాత్రి ఫ్లైట్ దిగి ఇప్పుడే చూశానండి ఈ థ్రెడ్. ఇప్పుడు ఎయిర్‌లైన్‌లో ఉన్నా, అంతకుముందు చాలా ఏళ్ళు ఇన్‌స్ట్రక్టర్‌గా చేశాను. కాస్త పెద్ద పోస్టే అవుతుంది, ఓపిక పట్టండి.

ముందు గాలి లెక్క. రన్‌వే 27 అంటే 270 డిగ్రీలు. గాలి 240 నుంచి 8 అంటే 30 డిగ్రీల తేడా, అందులో సగం, అంటే 4 నాట్స్ పక్కగాలి. అది ఏమీ కాదు. ఇప్పుడు ఆ చల్లగాలి. దూరంగా ఉరుముల మబ్బు కింద వాన పడుతుంటే చల్లబడిన గాలి కిందికి దూకి, నేలను తాకి నాలుగు వైపులా పరుచుకుంటుంది. మబ్బు ఇంకా ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉండగానే దాని అంచు మన నెత్తిమీదికి వచ్చేస్తుంది. దాన్నే గస్ట్ ఫ్రంట్ అంటారు. మే నెలలో చల్లగాలి వచ్చిందంటే ఊరంతా సంబరపడుతుంది, ఫైనల్‌లో ఉన్నవాడికి మాత్రం అది చావుకబురు. ఉదాహరణకి గాలి 190 నుంచి 22కి మారిందనుకోండి. 80 డిగ్రీల తేడా, దాదాపు 22 నాట్స్ మొత్తం పక్కనుంచే. అంతకుముందు 7 నాట్స్ ఉన్న ఎదురుగాలి 4కి పడిపోతుంది. గాలి బలం పెరిగింది కానీ రెక్కలకి ఆసరా తగ్గింది. మన అబ్బాయి తేలి, ఆగి, ధబ్బున పడ్డది ఇలాంటి చోటేనని నా అంచనా.

సెస్నా 172 మాన్యువల్‌లో డెమాన్‌స్ట్రేటెడ్ క్రాస్‌విండ్ 15 నాట్స్. 152కి 12, డైమండ్ డీఏ40కి 20. అది లిమిట్ కాదండోయ్. టెస్ట్ పైలట్ ఆ విమానంతో అంత గాలిలో దిగి చూపించాడని మాత్రమే. ఫుల్ ఫ్లాప్స్ (రెక్కల వెనక దించే పలకలు) వేసినప్పటి స్టాల్ స్పీడ్‌లో, అంటే రెక్కలకి ఆసరా పోయే వేగంలో, కనీసం ఐదో వంతు పక్కగాలిలో దిగి చూపించాలన్నది సర్టిఫికేషన్ రూలు. ఆ లెక్కన 172కి 8, 9 నాట్స్ చూపించినా చాలు. కాబట్టి 15 దాటితే విమానం విరిగిపోతుందనీ కాదు, 15 లోపు ఉంటే ట్రైనీ దింపేస్తాడనీ కాదు. ట్రైనీ సోలోకి ఎంత గాలి వరకు ఓకే అన్నది స్కూల్ ట్రైనింగ్ మాన్యువల్‌లో రాసుకుంటారు, అది దీనికంటే బాగా తక్కువ ఉంటుంది, ఉండాలి.

ఇక అసలు విషయం. మొదటి బౌన్స్ ప్రమాదం కాదండి. మొదటి బౌన్స్ అందరూ చేస్తారు, నిన్న రాత్రి నా కో పైలట్ చేశాడు. విమానాన్ని విరిచేది రెండోది. పైకి ఎగరగానే రన్‌వే కిందికి పోతున్నట్టు కనబడుతుంది, చెయ్యి దానంతటదే కంట్రోల్ కాలమ్‌ని ముందుకు తోస్తుంది. ముక్కు దిగుతుంది. 172లో వెనక చక్రాల కాళ్ళు స్ప్రింగ్ స్టీలువి, ఎంత కొట్టినా తట్టుకుంటాయి. ముందు కాలు అలా కాదు, అది తట్టుకునేది కొంతే. ముక్కు మీద పడిన విమానం తోక దించి మళ్ళీ ఎగురుతుంది, పైలట్ మళ్ళీ తోస్తాడు, ఈసారి ఆలస్యంగా, ఇంకా గట్టిగా. ప్రతిసారీ ఎత్తు పెరుగుతుంది, స్పీడ్ తగ్గుతుంది. మూడో దెబ్బకి కాలు పోవడం చాలా మామూలు.

మందు ఏమిటంటే, చిన్న బౌన్స్ అయితే ముక్కు ఎక్కడుందో అక్కడే ఆపి, కాస్త పవర్ పెట్టి మెల్లగా దిగనివ్వాలి. పెద్దదైతే ఫుల్ పవర్, గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకెక్కి చుట్టి రావడం. ముక్కుని తోయడం మాత్రం ఎప్పుడూ వద్దు.

అనంతపురం_అమ్మ

అందరికీ నమస్కారమండీ. మా అబ్బాయి కూడా వేరే రాష్ట్రంలో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాడు. పేపర్లో ఇలాంటివి చూస్తే నిద్ర పట్టదు. కెప్టెన్ గారూ, మీరు చెప్పింది సగం అర్థమైంది. ఒక్కటి అడుగుతాను. చక్రాలు నేలకు తగిలాక కూడా మళ్ళీ పైకి లేపొచ్చా? ఒకసారి దిగిందంటే దిగినట్టే కదా అని ఇన్నాళ్ళూ అనుకుంటున్నాను. నల్గొండ జిల్లాలో పాపం ఆ అమ్మాయి ప్రమాదం కూడా ఇలాంటిదేనా?

మోడరేటర్

అమ్మా, నల్గొండ ప్రమాదం 2022 ఫిబ్రవరి 26న జరిగింది. పెద్దవూర మండలం తుంగతుర్తి దగ్గర పొలాల్లో సెస్నా 152 కూలి ఒక ట్రైనీ చనిపోయారు. అది ల్యాండింగ్‌లో జరిగింది కాదు. దాన్ని ఈ చర్చలో కలపొద్దు. చనిపోయినవారి పేర్లు కూడా ఎవరూ రాయొద్దు.

కెప్టెన్_గోదావరి

అమ్మా, లేపొచ్చు. చక్రాలు తగిలాక, ఒకసారి ఎగిరిపడ్డాక కూడా లేపొచ్చు. సర్క్యూట్స్‌లో మీ అబ్బాయి చేసే టచ్ అండ్ గో అదే కదా, దిగి ఆగకుండా మళ్ళీ ఎగరడం. చేతనైన పనే, పిల్లలు వారానికి ఎన్నోసార్లు చేస్తారు. కాకపోతే బౌన్స్ అయిన కంగారులో ఆ పని గుర్తుకు రాదు.

పెద్ద విమానాల్లో కూడా ఉంది. 2008 మార్చి 1న జర్మనీలోని హాంబర్గ్‌లో తుఫాను గాలిలో లుఫ్తాన్సా ఏ320 దిగబోతే ఎడమ రెక్క అంచు రన్‌వేకి గీసుకుంది. అక్కడికక్కడే పవర్ పెట్టి లేపారు, తర్వాత వేరే రన్‌వే మీద దించారు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. దీనికి ఎదురు, 2009 మార్చిలో జపాన్ నరిటాలో ఫెడెక్స్ ఎండీ11 గాలి గస్టుల్లో బౌన్స్ అయింది, ముక్కు కిందికి పోయింది, మళ్ళీ బౌన్స్ అయింది. తిరగబడి కాలిపోయింది, పైలట్లిద్దరూ చనిపోయారు. రెండు కేసుల్లోనూ గాలి చెడ్డదే.

అనంతపురం_అమ్మ

నా గుండె దడ తగ్గించడానికి చెప్పారో పెంచడానికి చెప్పారో తెలీట్లేదు కెప్టెన్ గారూ 🙏

కెప్టెన్_గోదావరి

క్షమించండమ్మా. మా ఆవిడ కూడా ఇదే అంటుంది.

హ్యూస్టన్_రావు

నేను ఇక్కడ వీకెండ్ పైలట్‌ని. గో అరౌండ్ చెయ్యాలి, చెయ్యాలి అంటున్నారు, నిజమే. కానీ అది కూడా నేర్చుకునే పనే అని మా ఊరి ప్రమాదం ఒకటి చెబుతుంది. 2016 జూన్ 9న ఓక్లహోమాలోని నార్మన్ నుంచి ఒక సిర్రస్ ఎస్‌ఆర్20 హ్యూస్టన్ హాబీ ఎయిర్‌పోర్ట్‌కి వచ్చింది. ముగ్గురున్నారు. ట్రైనింగ్ ఫ్లైట్ కాదు, ప్రైవేట్ పైలట్. రద్దీగా ఉండే ఎయిర్‌పోర్ట్, పైగా వెనకే జెట్ తరుముకొస్తోంది. రన్‌వే మార్చారు, మళ్ళీ తిప్పారు, గాలి పక్కనుంచి. ఎత్తు ఎక్కువై ఒకసారికి మించి గో అరౌండ్ చేయాల్సి వచ్చింది. చివరి గో అరౌండ్‌లో తగినంత స్పీడ్ రాకముందే ఫ్లాప్స్ లేపడంతో స్టాల్ అయి, తిరుగుతూ ఒక హార్డ్‌వేర్ షాపు పార్కింగ్‌లో పడింది. ముగ్గురూ పోయారు. సిర్రస్‌కి విమానం మొత్తాన్ని దించే పారాచూట్ ఉంటుంది, కానీ ఆ ఎత్తులో అది పనికిరాదు.

ఎన్‌టీఎస్‌బీ (అమెరికా రవాణా ప్రమాదాల దర్యాప్తు సంస్థ) రిపోర్ట్‌లో ప్రధాన కారణం గో అరౌండ్ సరిగా చెయ్యకపోవడం. దానికి తోడు కంట్రోలర్లు చిక్కు సూచనలు ఇవ్వడం, పైలట్ గట్టిగా కాదనలేకపోవడం. ఆ రేడియో టేపుల్లో ఆ మహిళా పైలట్ గొంతు ఎంత మర్యాదగా ఉంటుందో. చెప్పిన ప్రతిదానికీ సరేననే. నాకు ఇన్‌స్ట్రక్టర్ మొదట నేర్పిన రేడియో మాట 'అనేబుల్'. నా వల్ల కాదు అని. మనవాళ్ళకి పెద్దవాళ్ళ మాటకి ఎదురు చెప్పడం అలవాటు లేదు, టవర్‌ని కూడా పెద్దవాళ్ళ లెక్కలోనే వేస్తాం.

రిటైర్డ్_ఏటీసీ

రావు గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. 'అనేబుల్' అన్న ట్రైనీ మీద కోప్పడిన కంట్రోలర్ని నేను చూడలేదు. విసుక్కున్నవారిని చూశాను, అది వేరే విషయం.

గాలిపటం (ట్రైనీ)

సెస్నాలో గో అరౌండ్ ఎలా చెయ్యాలో మా చెక్‌లిస్ట్‌లో ఉంది. ఫుల్ థ్రాటిల్, ఫ్లాప్స్ 20కి, ఎత్తు స్పీడ్ వచ్చాక మిగతావి మెల్లగా. చదివితే సింపుల్‌గానే ఉంటుంది.

కెప్టెన్_గోదావరి

చదివితే సింపులే. చేసేటప్పుడు మూడు విషయాలు మీద పడతాయి. ఫుల్ థ్రాటిల్ పెట్టగానే ముక్కు ఎడమకి గుంజుతుంది, కుడి రడ్డర్ గట్టిగా కావాలి. గాలి కూడా ఎడమ నుంచే కొడుతుంటే ఇంకా ఎక్కువ. ల్యాండింగ్‌కి వేసిన ట్రిమ్ (ముక్కుని ఒక స్థితిలో పట్టి ఉంచే అమరిక) వల్ల ముక్కు ఆకాశంలోకి లేస్తుంది, దాన్ని చేత్తో అదిమిపట్టాలి. మూడోది వేడి. బేగంపేట సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తు. మే మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్ 5,000 అడుగులు దాటిపోతుంది. విమానానికి తను ఆ ఎత్తులో ఉన్నట్టే. థ్రాటిల్ మొత్తం తోసినా శీతాకాలం పొద్దున ఎక్కినట్టు ఎక్కదు. ఎక్కడం లేదని కంగారుపడి ముక్కు లేపితే స్టాల్. కాసేపు రన్‌వే మీదే తక్కువ ఎత్తులో పరిగెత్తనిచ్చి స్పీడ్ రానివ్వాలి. ఇది డ్యూయల్‌లో, అంటే ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగా, చూపించకుండా సోలోకి పంపకూడదు.

ఏఎంఈ_సికింద్రాబాద్

అన్నలారా, మీరందరు గాల్లనే ఉన్నరు. కింద విమానం ముచ్చట మెయింటెనెన్స్ ఇంజనీర్‌ని నేను జెప్త. ఇసొంటి విమానాలు మస్తుగ మా హ్యాంగర్‌కి వచ్చినయి.

నోస్‌వీల్ ఇరిగింది అంటె బయటోళ్ళకు ఒక చక్రం పోయిందనిపిస్తది. 172ల నోస్‌లెగ్గు పోయి ఫైర్‌వాల్‌కి కలుస్తది, ఇంజనుకీ క్యాబిన్‌కీ నడుమ ఉండే రేకు అది. ముక్కు మీద గట్టిగ కొడితె ఆ రేకు ముడతపడ్తది. కౌలింగ్ (ఇంజన్ మీది మూత) తీసి, టార్చ్ పట్టి, కింద మూలల్ల రివెట్ల చుట్టు చూడాలె. రివెట్ చుట్టు నల్లగ మసి తీరుగ ఉంటె అది కదిలినట్టే. బయట ఏం కనబడకుండ లోపల ముడతపడ్డ విమానాలు కూడ ఉన్నయి. అందుకే హార్డ్ ల్యాండింగ్ అయితె నోరు మూసుకొని పోకుండ టెక్ లాగ్‌ల (విమానం లోపాలు రాసే బుక్కు) రాయుర్రి పిల్లలు. మీ తర్వాత ఎక్కెటోడు మీ దోస్తే.

ప్రొపెల్లర్ నేలకు కొట్టిందా, ఇంగ ఇంజన్ ఇప్పాల్సిందే. ఇంజన్ చేసే లైకమింగ్ కంపెనీది 533 నంబర్ సర్వీస్ బులెటిన్ దీని గురించే. క్రాంక్ షాఫ్ట్ గేరు చూడాలె, పగుళ్ళు ఎతకాలె. ప్రొపెల్లర్ కొసలు చూస్తె ఒక కత కూడ తెలుస్తది. ఇంజన్ పవర్‌ల ఉండంగ కొడితె కొసలు ముందుకు వంగుతయి, ఐడిల్‌ల ఉంటె ఎక్వ ఎనక్కి వంగుతయి. గాలిపటం తమ్మీ, నువ్వు చూసినవా, ఎటు వంగినయి?

గాలిపటం (ట్రైనీ)

వెనక్కే అన్నా. రెండు బ్లేడ్లూ వెనక్కి.

ఏఎంఈ_సికింద్రాబాద్

అయితె ఆఖరి దాంక థ్రాటిల్ మూసే ఉన్నట్టున్నది. అంటె గో అరౌండ్‌కి పవర్ పెట్టనే లేదు.

ఏఎఫ్‌ఐ_కుర్రాడు

నేను ఈ మధ్యే అసిస్టెంట్ ఇన్‌స్ట్రక్టర్ అయ్యాను. ఇక్కడ అందరూ ట్రైనీని చూస్తున్నారు, పంపినవాడి పక్క కూడా చూడండి. పొద్దున పొగమంచో, ఏటీసీ స్లాట్ లేకపోవడమో, విమానం మెయింటెనెన్సో. మధ్యాహ్నం ఎండకి ఎగరలేం. మిగిలేది సాయంత్రం రెండు గంటలు. బోర్డు మీద పేర్లు వరసగా ఉంటాయి. సీపీఎల్‌కి 200 గంటలు కావాలి, అందులో 100 పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా. ఒక్కొక్కరూ ఇల్లు తాకట్టు పెట్టి వచ్చినవాళ్ళు. 'సార్, ఈ రోజు కూడా పంపలేదా' అని ఇంటి నుంచి ఫోన్లొస్తాయి. మబ్బు 30 కిలోమీటర్ల దూరంలో ఉందని రద్దు చేస్తే పిరికివాడంటారు, పంపితే ఇలా అవుతుంది.

కెప్టెన్_గోదావరి

బాబూ, నీ బాధ నాకు తెలుసు, నేనూ ఆ బోర్డు ముందు నిలబడ్డవాణ్ణే. అయినా చెబుతున్నాను, ఈ కేసులో నేనైతే పంపేవాణ్ణి కాదు. మే నెల, సాయంత్రం, నైరుతిలో మబ్బు పెరుగుతోంది. డ్యూయల్‌కి పరవాలేదు, సోలోకి కాదు. ఒకవేళ పంపినా, మొదటి ల్యాండింగ్ అయ్యాక రేడియోలో 'ఫుల్ స్టాప్ చేసి వచ్చెయ్' అనడానికి ఇన్‌స్ట్రక్టర్ బయటే ఉండాలి, ఆకాశం వంకే చూస్తూ ఉండాలి. అలా ఎవరైనా ఉన్నారా గాలిపటం?

గాలిపటం (ట్రైనీ)

బ్రీఫింగ్ రూమ్‌లో ఉన్నారు సార్, ఇంకో బ్యాచ్‌తో. ఇంతకంటే రాయలేను.

ప్లేన్_పిచ్చోడు

సరే, నిన్న రాసింది తీసేయమంటే తీసేస్తా. ఒక నిజమైన డౌట్. గాలిలో గస్టులు ఉంటే స్పీడ్ పెంచుకుని రావాలంటారు కదా, పెంచితే ఇంకా తేలదా?

హ్యూస్టన్_రావు

తీసెయ్యక్కర్లేదులే తమ్ముడూ, ఉండనీ.

మంచి ప్రశ్న. ఇక్కడ నేర్పే లెక్క ఇది. 12 నాట్స్, గస్ట్ 22 అంటే తేడా 10, అందులో సగం 5. మామూలు అప్రోచ్ స్పీడ్ 65 అయితే 70తో రావాలి. గస్ట్ ఒక్కసారి ఆగినా చేతిలో కాస్త మిగులుతుంది. నువ్వన్నట్టు అతి చేస్తే బెడిసికొడుతుంది. 65 బదులు 75తో వచ్చావనుకో, శక్తి స్పీడ్ వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి మూడో వంతు ఎక్కువ. ఆ మిగులు కరిగేదాకా విమానం రన్‌వే మీద తేలుతూనే ఉంటుంది, తేలినంతసేపూ గాలి దాంతో ఆడుకుంటుంది. చాలామంది ఇక్కడే విసిగిపోయి బలవంతంగా ముక్కు దించేస్తారు.

కెప్టెన్_గోదావరి

దానికి తోడు ఫ్లాప్స్. బలమైన పక్కగాలిలో రన్‌వే పొడవుకి సరిపడా ఎంత తక్కువ వాడగలిగితే అంత తక్కువ వాడమని సెస్నా మాన్యువల్లోనే ఉంది. మనవాళ్ళు అలవాటు కొద్దీ ఫుల్ ఫ్లాప్స్ వేసేస్తారు. మామూలుగా ట్రైనింగ్ జరిగే రన్‌వేల మీద 172కి 10, 20 డిగ్రీలు చాలు.

పక్కగాలి టెక్నిక్ మీద గొడవ మొదలుపెట్టొద్దు ప్లీజ్. క్రాబ్ చేసి (ముక్కు గాలివైపు పెట్టి వచ్చి) చివర్లో తిప్పినా, ముందునుంచే గాలివైపు రెక్క వాల్చి ఎదురు రడ్డర్‌తో వచ్చినా, తాకే క్షణానికి ముక్కు రన్‌వే వైపు ఉండాలి, విమానం పక్కకి జారకూడదు. దిగాక గాలివైపు ఏలెరాన్ (రెక్క వాల్చే పలక) తీసెయ్యకూడదు, స్పీడ్ తగ్గేకొద్దీ ఇంకా ఎక్కువ పెట్టాలి. చక్రాలు తాకగానే కాళ్ళూ చేతులూ వదిలేసే పిల్లలు ఎంతమందో.

హ్యూస్టన్_రావు

రెక్క వాల్చి రావడమే బెస్ట్, ఇంతే చెప్పి ఊరుకుంటా 😄

రిటైర్డ్_ఏటీసీ

ఒక పక్క మాట. మన దక్కన్‌లో రన్‌వేలు ఎక్కువగా తూర్పు పడమరలే. బేగంపేట 09/27, హకీంపేట 09/27, శంషాబాద్‌లో రెండూ 09/27. ఆషాఢం గాలి పడమర నుంచి వీస్తుంది కనుక అలా వేశారు. ఆ గాలి ఎంత హోరెత్తినా చాలావరకు ఎదురుగానే ఉంటుంది. అందుకని ఇక్కడ నేర్చుకున్న పిల్లలు జూలైలో 20 నాట్స్ గాలిలో దిగి, గాలి మాకు అలవాటే అనుకుంటారు. వాళ్ళకి అలవాటైంది ఎదురుగాలి. నిజమైన పక్కగాలి వాళ్ళకు తగిలేది ఇలా మే నెల ఉరుముల మబ్బుల్లోనే.

కెప్టెన్_గోదావరి

శభాష్ సార్. ఇది నేను ఏ బ్రీఫింగ్‌లోనూ ఎవరూ చెప్పగా వినలేదు. వాడుకుంటాను.

ఏఎఫ్‌ఐ_కుర్రాడు

మా స్కూల్‌లో కొందరు దీన్ని యాక్సిడెంట్ అనకుండా ఇన్సిడెంట్ అని రాసుకుంటే సరిపోతుంది కదా అంటుంటారు, ఇలాంటివి జరిగినప్పుడు. అది ఎలా తేలుతుంది?

ఏఎంఈ_సికింద్రాబాద్

రాసుకునేటోళ్ళ ఇష్టం గాదు. దెబ్బ ఒక్క ఇంజను, ప్రొపెల్లర్, రెక్క కొసలు, టైర్లు, బ్రేకులు వీటి మట్టుకే ఉంటె యాక్సిడెంట్ లెక్కల రాదు. బలమిచ్చే స్ట్రక్చర్ దెబ్బతిని పెద్ద రిపేర్ పడితె యాక్సిడెంటే. ఫైర్‌వాల్ ముడతపడ్డదా లేదా అన్న దాని మీద ఉంటది కత. దానికే చెప్పిన, టార్చ్ పట్టి చూడుర్రి అని.

రిటైర్డ్_ఏటీసీ

ఏది రాసినా దాచకుండా రాయాలి. మన దేశంలో ఏఏఐబీ (విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ) చేసే దర్యాప్తు ఉద్దేశం మళ్ళీ జరగకుండా చూడటం, శిక్ష వేయడం కాదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 13వ అనుబంధంలో ఉన్నదీ అదే.

గాలిపటం (ట్రైనీ)

అందరికీ థ్యాంక్స్. రెండు రోజులుగా ఈ థ్రెడ్‌ని మా హాస్టల్‌లో ఫోన్లు పట్టుకుని చదువుతున్నాం.

ఒకటి అడగాలి. ప్రొపెల్లర్ వెనక్కి వంగిందంటే గో అరౌండ్ ప్రయత్నమే జరగలేదని ఏఎంఈ అన్న చెప్పాక నాకొకటి తట్టింది. మా మెస్‌లో గో అరౌండ్ చేసినవాడికి ఆ రాత్రి భోజనం దగ్గర పేరు పెట్టి ఏడిపిస్తారు. 'ఏరా, ఇంకో చక్కర్ కొట్టొచ్చావా' అని. లాగ్‌బుక్‌లో కూడా ల్యాండింగ్‌ల సంఖ్యకే విలువ. అందరం నవ్వుతాం, వాడూ నవ్వుతాడు. ఆ నవ్వు ఫైనల్‌లో గుర్తొస్తుందేమో. ఇన్‌స్ట్రక్టర్లు దీని గురించి ఏమైనా చెయ్యగలరా?

కెప్టెన్_గోదావరి

చెయ్యొచ్చు. నేను ఇన్‌స్ట్రక్టర్‌గా ఉన్నప్పుడు ప్రతి సోలో చెక్‌లోనూ ఒక్క గో అరౌండ్ తప్పనిసరి, అప్రోచ్ ఎంత బాగున్నా సరే. ఫ్లేర్‌లో ఉండగా 'గో' అనేవాణ్ణి. అప్పుడు అది తప్పిన పని అవ్వదు, సిలబస్‌లో ఒక ఎక్సర్‌సైజ్ అవుతుంది. డ్యూయల్‌లో కావాలనే చిన్న బౌన్స్ ఇచ్చి చేతులు వదిలేసేవాణ్ణి, వీడు ముక్కు తోస్తాడా, పవర్ పెడతాడా చూద్దామని. మొదట్లో దాదాపు అందరూ తోస్తారు. మెస్ సంగతి మీరే చూసుకోవాలి, అందులో నేను వేలు పెట్టలేను.

ఏఎఫ్‌ఐ_కుర్రాడు

ఫ్లేర్‌లో 'గో' అనడం రేపటి నుంచి మొదలుపెడతాను సార్. బౌన్స్ ఇవ్వడానికి మాత్రం నాకింకా ధైర్యం చాలదు.

కెప్టెన్_గోదావరి

వద్దు, తొందరపడకు. ముందు మీ సీఎఫ్‌ఐతో (చీఫ్ ఇన్‌స్ట్రక్టర్) కూర్చుని నువ్వు నాలుగు చెయ్యి.

అనంతపురం_అమ్మ

మా వాడికి ఫోన్ చేసి అడిగాను, నువ్వు గో అరౌండ్ చేస్తావా నాన్నా అని. 'అమ్మా, ఆ మాట నీకెవరు చెప్పారు' అని ఒకటే నవ్వు. చేస్తాడట. ఏడిపిస్తే ఏడిపించనీ, చెయ్యమన్నాను. ఇంతకీ ఆ సీనియర్ అబ్బాయి ఎలా ఉన్నాడు? వాళ్ళింట్లో చెప్పాడా?

గాలిపటం (ట్రైనీ)

బాగున్నాడాంటీ. ఇంట్లో చెప్పాడు, వాళ్ళ నాన్నగారు వచ్చి ఉన్నారు. స్టేట్‌మెంట్ ఇచ్చాడు. ఎంక్వైరీ అయ్యేదాకా సోలో లేదు, తర్వాత డ్యూయల్ చెక్స్ ఉంటాయట. విమానాన్ని హ్యాంగర్‌లోకి లాగి కౌలింగ్ తీశారు. ఏఎంఈ అన్నా, కింద ఎడమ మూలలో ముడత ఉంది, మేమందరం చూశాం.